యెషయా గ్రంథంలో కోరెషు: సంఘ బోధలో బైబిలు పరిశోధనకు చోటెంత?

టెక్కలి నుండి, సండేస్కూలు ఉపాధ్యాయుడు:
అందరికీ వందనాలు. మా సంఘ బైబిలు స్టడీలో యెషయా 45వ అధ్యాయం చదువుతుండగా, బి.డి. (వేదాంత పట్టా) చదువుతున్న యువకుడొకరు 40వ అధ్యాయం నుండి ఉన్న భాగం యెషయాది కాదని, అతని తరువాత ఎంతో కాలానికి, యూదులు బబులోనులో బందీలుగా ఉన్న చెర కాలంలో వేరొక ప్రవక్త పలికినదని చెప్పారు. ఆ అధ్యాయంలో ఉన్న పారసీక రాజు కోరెషు పేరును ముందుగానే యెషయా చేత పలికించడం దేవునికి అసాధ్యమా అని సంఘ పెద్ద ఒకరు అడగడంతో చర్చ ఆగిపోయింది. ఇటువంటి పరిశోధనను సంఘం ఎలా స్వీకరించాలి? సంఘ బోధ, పరిశోధన, ఈ రెండింటిలో ఒకటి మరొకదానికి లోబడక తప్పదా?

విజయనగరం నుండి, విశ్రాంత పాస్టరు:
పెద్దాయన అడిగినది దేవుని శక్తిని గురించి. యువకుడు చెప్పినది ఆ మాటలను మొదట విన్నవారిని గురించి. ఆ అధ్యాయాలు యెరూషలేము అప్పటికే పాడైపోయినట్టు, కోరెషు అప్పటికే బయలుదేరినట్టు మాట్లాడుతాయి కనుకనే పండితులు వాటిని అతడు బబులోనును పట్టుకున్న క్రీ.పూ. 539కి కాస్త ముందు కాలానివిగా భావిస్తున్నారు. భవిష్యత్తును చెప్పడం సాధ్యమా కాదా అన్నదొక్కటే వారి వాదానికి ఆధారం కాదు. అయితే 1947లో మృత సముద్రం దగ్గరి కుమ్రాను గుహలో దొరికిన ప్రాచీన యెషయా గ్రంథపు చుట్టలో 39వ అధ్యాయం ముగిశాక, అదే నిలువు వరుస చివరి పంక్తిలో 40వ అధ్యాయం మొదలవుతుంది. అంటే విశ్వాస సమాజం ఆ మొత్తాన్ని ఒకే గ్రంథంగా చదువుకుంది. ఏది లేఖనమో పరిశోధన నిర్ణయించలేదు, సమాజమే నిర్ణయించింది. పండితుడు సైతం ఆ నిర్ణయం అందించిన పుస్తకాన్నే తెరుస్తాడు.

బొబ్బిలి నుండి, సంఘ కార్యదర్శి:
అయ్యగారూ, గౌరవంతోనే విభేదిస్తున్నాను. మోషే పంచకానికి (బైబిలులోని మొదటి ఐదు పుస్తకాలకు) నాలుగు మూలాలున్నాయని జర్మను పండితుడు వెల్‌హౌజెన్ 19వ శతాబ్దంలో స్థిరపరచిన వాదాన్ని ఎన్నో తరాలకు ఖాయమైన సత్యంగానే బోధించారు. నేడు పండితులే అందులో అనేక అంశాలను ఒప్పుకోవడం లేదు. తరానికొకసారి మారే అభిప్రాయాన్ని ప్రసంగ పీఠం మీదికి తెస్తే, బైబిలు తప్ప మరో పుస్తకం తెరవని మా సభ్యులు దేన్ని పట్టుకోవాలి?

సాలూరు నుండి, కతోలిక ఉపదేశి:
మా సంఘంలోనూ ఈ భయం చాలాకాలం ఉండేది. 1943లో బైబిలు పరిశోధనను ప్రోత్సహిస్తూ పన్నెండవ పయస్ పోపుగారి లేఖ వచ్చాకనే మా పండితులకు ధైర్యం కలిగింది. కార్యదర్శిగారు వాదాల గురించి చెప్పినది నిజమే గాని, పరిశోధనంతా వాదాలే కాదు. మార్కు 16వ అధ్యాయంలో 9 నుండి 20 వరకు ఉన్న వచనాలు నాలుగవ శతాబ్దపు సీనాయి, వాటికను ప్రతులనే ప్రాచీన గ్రీకు చేతివ్రాత ప్రతులలో లేవు. ఇది ఎవరైనా చూసి తెలుసుకోగల సంగతి. అయినా మాకు అవి లేఖనమే, ఆరాధనలో చదువుతాము. కాని రోగులపై చేతులుంచితే స్వస్థపడుదురన్న 18వ వచనాన్ని చూపించి, బి.పి. మాత్రలు మానేయమని చెప్పే బోధకులు మన పల్లెలకూ వస్తున్నారు (వారికి ఏ ప్రతితోనూ పని లేదనుకోండి). ఆ ఒక్క వచనం మీద అంత బరువు మోపకూడదని సభ్యులకు చెప్పడానికి ఈ సంగతి నాకు పనికివచ్చింది. టెక్కలి మాస్టారూ, ఆ యువకుణ్ణి ప్రసంగానికి కాకుండా బైబిలు స్టడీకే మళ్లీ పిలవండి. పెద్దాయనను పక్కనే కూర్చోబెట్టి, 40వ అధ్యాయాన్ని మొదటి వచనం నుండి చదివించండి.