అప్‌డేట్: చలికాలం లాగర్‌లో వెన్న వాసన పోయింది

నెలన్నర కిందట ఇక్కడే అడిగాను: 10 డిగ్రీల దగ్గర పులియబెట్టిన లాగర్ (చల్లగా పులియబెట్టే బీరు) రెండు వారాలు దాటాక వెన్న వాసన వస్తోంది, గ్రావిటీ (ఇంకా పులియాల్సిన చక్కెర ఎంతుందో చెప్పే సాంద్రత కొలత) 1.014 దగ్గర ఉంది, పారబోయాలా అని. పారబోయొద్దని ఆపిన అందరికీ థ్యాంక్స్.

పని చేసింది డయాసిటైల్ రెస్ట్, అంటే వెన్న వాసననిచ్చే డయాసిటైల్‌ను ఈస్ట్ తినేసేలా బీరును కొన్ని రోజులు వెచ్చగా ఉంచడం. ముందు ఒకరు చెప్పిన పరీక్ష చేశాను. రెండు చిన్న గ్లాసుల్లో బీరు పోసి మూతలు పెట్టి, ఒకదాన్ని 60 డిగ్రీల వేడి నీళ్లలో ఇరవై నిమిషాలు ఉంచి చల్లార్చాను. మూత తీయగానే దాంట్లోంచి పాప్‌కార్న్ మీద వేసే వెన్న వాసన గుప్పుమంది, రెండో దాంట్లో కొంచెమే. అంటే డయాసిటైల్‌గా మారాల్సిన పదార్థం బీరులో ఇంకా మిగిలే ఉంది. అది డయాసిటైల్‌గా మారాక ఈస్ట్ తినేయాలి, చలికి ఆ పని మందగించింది, అంతే.

ఫర్మెంటర్‌ని 17 డిగ్రీలకు తెచ్చి మూడు రోజులు కదపకుండా ఉంచాను. గ్రావిటీ 1.011కి దిగింది. మళ్లీ అదే పరీక్ష చేస్తే రెండు గ్లాసులకూ తేడా లేదు. తర్వాత 2 డిగ్రీల దగ్గర నాలుగు వారాలు. నిన్న తాగాను, శుభ్రమైన మాల్ట్ రుచి, చాలా సంతోషంగా ఉంది.

ఇన్‌ఫెక్షన్ అని పడ్డ టెన్షన్ అంతా వృథా: పైన పొర లేదు, పులుపు లేదు. బీరుకు వాడిన నీళ్ల వల్ల వచ్చిన వాసన కూడా కాదు.

ఎండాకాలంలో లాగర్ జోలికి వెళ్లను. వేడిని ఇష్టపడే సైజాన్ (బెల్జియం తరహా బీరు) ఈస్ట్‌తో చేస్తాను.