అప్‌డేట్: 8-16 కణాల దగ్గర ఆగిపోతున్న గేదె పిండాలు, కారణం తెలిసింది

వరంగల్‌లోని మా ప్రయోగశాలలో గేదె అండాలు చక్కగా ఫలదీకరణ చెందుతున్నా, పిండాలు 8-16 కణాల దశ దాటి బ్లాస్టోసిస్ట్ (గర్భాశయంలో పెట్టడానికి తగిన, లోపల ద్రవం నిండిన పిండ దశ) వరకు రావడం లేదని వేసవిలో ఇక్కడ అడిగాను. సలహాలిచ్చిన అందరికీ కృతజ్ఞతలు.

దోషం మినరల్ ఆయిల్‌ది. కల్చర్ చుక్కల (పిండాలను పెంచే పోషక ద్రవపు చుక్కల) మీద పోసే ఈ నూనెను అనుమానించమన్నది ఒక్కరే, ఆ మాటే నిజమైంది. ఒకే విడత పిండాలను రెండు భాగాలు చేసి, సగం పాత నూనె కింద, సగం కొత్త నూనె కింద పెంచాం. పాతదాని కింద మళ్లీ అక్కడే ఆగాయి. కొత్తదాని కింద ఏడో రోజుకు బ్లాస్టోసిస్టులు వచ్చాయి. పరీక్షకు పంపితే పాత సీసాలో పెరాక్సైడ్లు (నూనె పాడైతే పుట్టే, పిండాలకు హాని చేసే రసాయనాలు) ఉన్నట్టు తేలింది. ఎండ పడే కిటికీ పక్కన, ఏసీ లేని గదిలో ఉండేది ఆ సీసా. ఓరుగల్లు ఎండల సంగతి మీకు చెప్పాలా!

పిండం అండంలోని సరుకు మీద ఆధారపడటం తగ్గించి, తన సొంత జన్యువులను పనిలో పెట్టుకునేది ఆ 8-16 కణాల దశలోనే కాబట్టి ఏ చిన్న ఇబ్బందైనా అక్కడే బయటపడుతుంది. అందుకే మేమంతా మొదట అండాల నాణ్యతనే అనుమానించాం.

వీర్యం స్ట్రాలు (వీర్యాన్ని గడ్డకట్టించి నిల్వచేసే సన్నని గొట్టాలు) మార్చడం, కబేళా నుంచి అండాశయాలు తెచ్చే ఫ్లాస్కు మార్చడం వల్ల ఒరిగిందేమీ లేదు. ఆక్సిజన్ 5 శాతానికి తగ్గించినా పాత నూనె కింద ఫలితం మారలేదు. ఇంక్యుబేటర్‌లో 38.5 డిగ్రీలు, 5 శాతం కార్బన్ డయాక్సైడ్ విడిగా కొలిపించాం, రెండూ సరిగానే ఉన్నాయి.

ఇప్పుడు నూనెను చీకట్లో, చల్లని చోట ఉంచుతున్నాం.