స్లాగ్‌ని లోహమలం అనాలా, చిట్టెం అనాలా?

గాజువాక టీచర్:
అందరికీ నమస్కారం. పదో తరగతికి లోహాల పాఠం చెబుతున్నాను. పుస్తకంలో గ్యాంగ్‌కి (ఖనిజంలో కలిసుండే మట్టి, రాయి) ఖనిజ మాలిన్యం, ఫ్లక్స్‌కి (దాన్ని కరిగించి విడదీయడానికి వేసేది) ద్రవకారి, స్లాగ్‌కి (ఆ రెండూ కలిసి కరిగి లోహం నుంచి విడిపోయేది) లోహమలం అని ఉంది. మొదటి రెండూ సరే. మూడోది చదవగానే వెనక బెంచీలో కిసుక్కుమన్నారు. క్లాసులో చాలామంది తండ్రులు స్టీల్‌ప్లాంటులోనో, అక్కడి కాంట్రాక్టు పనుల్లోనో ఉన్నవాళ్ళే. “మా నాన్న దాన్ని లారీల్లో సిమెంటు వాళ్ళకి తోలతాడు టీచర్. డబ్బులిచ్చి కొనుక్కునేదాన్ని మలం అంటారేంటి?” అన్నాడొకడు. ఏం చెప్పాలో తోచలేదు. మనకి వేరే మాటేమైనా ఉందా?

చోడవరం:
ఎందుకు లేదండీ, చిట్టెం. మా వైపు సిట్టెం అంటారు. ఇనుము కరిగించిన పాత కొలుముల చోట నల్లగా, బుడగలు బుడగలుగా గట్టిపడి పడి ఉంటుంది. చూస్తే రాయే, చేత్తో ఎత్తితే మాత్రం రాయి ఇంత బరువుండదే అనిపిస్తుంది. నిఘంటువుల్లో మండూరం అన్న మాటకి ఇనుప చిట్టెం అనే అర్థం ఇచ్చారు.

చెన్నై తెలుగు:
మంచి మాట తీశారు. తమిళంలో కిట్టం, కన్నడంలో కిట్ట. ఇ, ఎ ల ముందున్న క మన దగ్గర చ అయిపోతుంది. కన్నడం వాళ్ళ కివి మన చెవి, వాళ్ళ కెరె మన చెరువు. తమిళానికీ ఈ అలవాటు ఉంది గానీ, తర్వాత ట, డ, ళ లాంటి అక్షరం వస్తే అక్కడ ఆగిపోతుంది. మనం ఆగలేదు. అందుకే వాళ్ళ కెడు మనకి చెడు, వాళ్ళ కిళి మనకి చిలుక. కిట్టం, చిట్టెం కూడా ఆ వరసలోవే. సంస్కృతంలోనూ కిట్టం ఉంది. ఎవరిది ఎవరు తీసుకున్నారన్న గొడవ మొదలుపెడితే ఈ రాత్రికి తెమలదు.

ఎంవీపీ కాలనీ:
మా మేనత్త అత్తారింటి పేరు చిట్టెం. ఈ చర్చ మాత్రం ఆవిడకి ఫార్వర్డ్ చెయ్యను.

కూర్మన్నపాలెం:
టీచర్ గారూ, నేను విశాఖ స్టీల్‌ప్లాంటు కాస్ట్‌హౌస్‌లో, అంటే ఫర్నేసు నుంచి కరిగిన ఇనుము దింపే చోట, పనిచేసి రిటైరైనవాణ్ణి. చిట్టెం చక్కటి మాటే, కానీ మా దగ్గర దిగేదానికి అతకదు. కాస్త పెద్దగా రాస్తాను, ఓపిక పట్టండి.

పాత మట్టి కొలుముల్లో ఖనిజం, బొగ్గులే గానీ సాధారణంగా సున్నపురాయి వేసేవారు కాదు. ఖనిజంలో ఉన్న సిలికాకి (ఇసుకలో ఉండే పదార్థమే) కరగడానికి ఒక జత కావాలి. సున్నం లేదు కాబట్టి అది ఐరన్ ఆక్సైడ్‌నే పట్టుకునేది. అంటే ఇనుము కోసం కొలిమి పెడితే ఆ ఇనుములో బోలెడంత చిట్టెంలోకే పోయేది. చిట్టెం బరువులో సగం దాకా ఐరన్ ఆక్సైడే ఉండొచ్చు. చోడవరం గారి చేతికి తగిలిన బరువు అదే. ఆయుర్వేదంలో మండూర భస్మాన్ని పాండురోగానికి, అంటే రక్తహీనతకి, వాడటంలో మర్మం కూడా ఆ ఇనుమే.

ఇక మా బ్లాస్ట్ ఫర్నేసుల పేర్లు గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ. ఛత్తీస్‌గఢ్‌లోని బైలడిల్లా ఖనిజం కొత్తవలస-కిరండూల్ రైలు లైను మీద వస్తుంది, సున్నపురాయి జగ్గయ్యపేట నుంచి వస్తుంది. వేడికి సున్నపురాయి విరిగి సున్నం అవుతుంది, ఆ సున్నం సిలికాని తనవైపు లాక్కుంటుంది. ఇనుము బతికిపోతుంది. అందుకే మా స్లాగ్‌లో ఐరన్ ఆక్సైడ్ ఒక శాతం అటూ ఇటూగా ఉంటుందంతే. మిగతాదంతా సున్నం, సిలికా, అల్యూమినా, మెగ్నీషియా.

ట్యాపింగ్ అప్పుడు, అంటే ఫర్నేసుకి కన్నం తెరిచినప్పుడు, హాట్‌మెటల్ (కరిగిన ఇనుము), స్లాగ్ రెండూ దాదాపు 1500 డిగ్రీల వేడితో ఒకే రన్నర్‌లో, అంటే కాలవలో, వస్తాయి. ఆ కాలవలో స్కిమ్మర్ అనే అడ్డుగోడ ఉంటుంది. బరువైన ఇనుము దాని కిందనుంచి దూరి వెళ్ళిపోతుంది. తేలికైన స్లాగ్ పైన తేలుతూ పక్క కాలవలోకి మళ్ళుతుంది. అక్కడ దాని మీద నీళ్ళు జోరుగా కొడతారు. స్ఫటికం కట్టే వ్యవధి లేక గాజులా బిగుసుకుని, పొడిపొడిగా విరిగి, పాలిపోయిన పసుపు ఇసుకలా పడుతుంది. అదే స్లాగ్‌ని గుంటలో పోసి మెల్లగా ఆరనిస్తే మామూలు రాయి అవుతుంది, రోడ్డు కింద పరుచుకోవడానికి పనికొస్తుంది. సిమెంటు గుణం గాజుగా మారినదానికే. క్లింకర్‌తో (సున్నపురాయి, మట్టి కలిపి కాల్చిన సిమెంటు ముద్దలు) కలిపి మెత్తగా రుబ్బి నీళ్ళు పోస్తే, క్లింకర్ విడిచే సున్నం ఈ గాజుని కదిలిస్తుంది, అప్పుడది కూడా గట్టిపడుతుంది. స్లాగ్ సిమెంటులో 25 నుంచి 70 శాతం దాకా ఇది కలపవచ్చని మన దేశపు ప్రమాణం. టన్ను హాట్‌మెటల్‌కి సుమారు 300 నుంచి 400 కిలోల స్లాగ్ దిగుతుంది. మీ కుర్రాడి నాన్న తోలేది అదే.

సీతమ్మధార:
అయితే ఇంకేం, లోహమలం తీసేసి సహోత్పత్తి, అంటే ఇనుముతో పాటు తయారయ్యే సరుకు, అందాం. టన్ను క్లింకర్‌కి సున్నపురాయిలోంచే సుమారు అర టన్ను కార్బన్ డయాక్సైడ్ పోతుంది, దాన్ని కాల్చే బొగ్గు పొగ వేరే. స్లాగ్ కలిపినంత మేర ఆ గోల తప్పుతుంది కదా. ఇంత మేలు చేసేదానికి మర్యాదైన పేరు పెడితే తప్పేంటి?

కూర్మన్నపాలెం:
పేరు పెట్టండి, కానీ పేరు వెనకే బిల్లు కూడా వస్తుంది. మా ఫర్నేసులో పడేది కూడా సున్నపురాయే కదండీ. 100 కిలోలు విరిగితే 56 కిలోల సున్నం, 44 కిలోల కార్బన్ డయాక్సైడ్. ఫర్నేసులో కాలే కోక్ బొగ్గు పొగ సరేసరి. ఇప్పుడు ఆ మొత్తాన్ని ఇనుము ఖాతాలో రాసేస్తున్నారనుకోండి, స్లాగ్ కడిగిన ముత్యంలా సిమెంటు మిల్లుకి వెళ్తుంది. వ్యర్థం అన్నంతసేపే ఆ లెక్క చెల్లుతుంది. సహోత్పత్తి అన్న రోజున, ఆ పొగలో నీ వాటా ఎంత అని అడుగుతారు. బరువును బట్టి పంచాలా, ధరను బట్టి పంచాలా అని జీవితచక్ర లెక్కలు (ఒక వస్తువు తయారీ నుంచి పారేసేదాకా పర్యావరణానికి పడే భారం) వేసేవాళ్ళు ఇప్పటికీ కొట్టుకుంటూనే ఉన్నారు. నా ఓటు ధరకి. స్లాగ్ కోసం ఎవరూ ఫర్నేసు వెలిగించరు.

ఇంకోటి, తుక్కు కరిగించే ఎలక్ట్రిక్ ఫర్నేసులు పెరిగేకొద్దీ ఈ గాజు స్లాగ్ తగ్గుతుంది. వాటి స్లాగ్ వేరు, సిమెంటుకి దీనంత తేలిగ్గా పనికిరాదు.

అనకాపల్లి:
ప్లాంటులో ఇంకో స్లాగ్ కూడా ఉంటుందిగా మాష్టారూ, ఉక్కు చేసే చోట? మా బావమరిది ఇంటి పునాదిలో పోయిస్తానంటున్నాడు.

కూర్మన్నపాలెం:
వద్దని చెప్పండి బాబూ. ఉక్కు చేసే కన్వర్టర్ స్లాగ్ అది. అందులో కలవకుండా మిగిలిపోయిన సున్నం ఉంటుంది, తడి తగిలితే ఉబ్బుతుంది. నెలల తరబడి ఎండావానల్లో పడేసి మాగబెట్టాక రోడ్లకి వాడతారు. పచ్చిది పునాదిలో పోస్తే గచ్చు పగులుతుంది.

చెన్నై తెలుగు:
అంటే స్లాగ్ అన్న ఒక్క మాట కింద నాలుగు వేరు వేరు వస్తువులు తేలాయి. కొలిమిలోది చిట్టెం అనడానికి ఎవరికీ పేచీ లేదు. మిగతావాటన్నిటికీ స్లాగ్ అనే వాడితే కొంపేం మునగదు. రైలు, సిమెంటు మనవైపోలేదా? లోహమలం మాత్రం నాకు మొదటినుంచీ గిట్టదు. బ్లాస్ట్ ఫర్నేసు స్లాగ్‌లో ఇనుమే దాదాపు లేనప్పుడు అది లోహానికి మలం ఎలా అవుతుంది?

గాజువాక టీచర్:
అందరికీ ధన్యవాదాలు. పరీక్షలో లోహమలం అనే రాయమంటాను, మార్కులు పోకూడదు కదా. క్లాసులో మాత్రం కొలిమికి చిట్టెం, ఫర్నేసుకి స్లాగ్ అని చెబుతాను. రేపు బోర్డు మీద రన్నర్ బొమ్మ గీసి, పైన ఇనుము, కింద స్లాగ్ రంగు వేసి చూపిస్తాను.

కూర్మన్నపాలెం:
అమ్మా, తిరగేశారు. స్లాగ్ పైన, ఇనుము కింద.