బంపర్ చీలింది, సూపర్ గ్లూ నిలవట్లేదు. ఇంట్లోనే అతకొచ్చా?

రివర్స్‌గేర్:
అందరికీ నమస్తే. మొన్న రివర్స్ తీస్తూ గోడ మూలకి తగిలించాను, వెనక బంపర్ కుడి మూలలో జానెడు పొడవు చీలింది. ముక్క ఊడలేదు కానీ వేలితో నొక్కితే లోపలికీ బయటికీ ఆడుతోంది. బాడీకి ఏం కాలేదు, డిక్కీ మామూలుగానే పడుతోంది. సూపర్ గ్లూ పోసి టేపు చుట్టి రాత్రంతా వదిలేశా, పొద్దున చూస్తే రాయిలా ఉంది హమ్మయ్య అనుకున్నా, కారు కడుగుతూ చెయ్యి ఆనించానో లేదో టక్‌మని విడిపోయింది, గ్లూ మొత్తం ఉల్లిపొరలా లేచొచ్చింది. తర్వాత రెండు ట్యూబులు కలిపే ఎపాక్సీ వేశా, అదీ అంతే. ఎవర్ని అడిగినా మొత్తం మార్చెయ్ అంటున్నారు, ఇంత చీలికకి బంపర్ మార్చడమేంటి అని నా ఏడుపు. సోల్డరింగ్ ఐరన్, డ్రిల్ ఉన్నాయి. రంగు కొత్తదానిలా రాకపోయినా పర్లేదు, మళ్ళీ విచ్చుకోకపోతే చాలు.

వేడిచెయ్యి:
గ్లూ తప్పేం లేదు బ్రో, ఆ ప్లాస్టిక్ గుణమే అంత. చాలా బంపర్లు పాలీప్రొపిలీన్‌వి (పీపీ అంటారు), అందులో రబ్బరు జాతి ఈపీడీఎం, కొంచెం టాల్క్ పొడి కలుపుతారు. జిడ్డు చేతికి స్టిక్కర్ అంటించినట్టే, దాని ఒంటికి ఏదీ పట్టదు. పైగా సూపర్ గ్లూ ఆరితే పెళుసు, బంపరేమో వంగుతుంది, ఇంక ఎక్కడ నిలుస్తుంది.

ముందు బంపర్ ఊడదీసి లోపలి వైపు చూడు, అచ్చులోనే పోసిన చిన్న అక్షరాలు ఉంటాయి. పీపీ ప్లస్ ఈపీడీఎం టీ20 అని ఉంటే 20 శాతం టాల్క్ అన్నమాట. ఆ జాతి ప్లాస్టిక్‌నే కరిగించి అతకాలి, ఏబీఎస్ అనే వేరే రకం ప్లాస్టిక్ ముక్క తెచ్చి పీపీ మీద ఎంత కరిగించినా చల్లారాక గోటితో ఊడొస్తుంది.

సబ్బుతో కడిగి, ఆరాక ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడువు. చీలిక కొస ఎక్కడ ఆగిందో వెతికి (వంచితే తెలుస్తుంది, కంటికి కనిపించేదానికంటే కాస్త ముందుకే పోయి ఉంటుంది) అక్కడ 3 మిల్లీమీటర్ల బిట్‌తో రంధ్రం వెయ్యి, లేకపోతే నువ్వు ఇక్కడ అతుకుతుంటే అది అటు పాకుతూనే ఉంటుంది. బయటి వైపు రెండు అంచులూ సమానంగా కలిపి అల్యూమినియం టేపు వెయ్యి. ఇప్పుడు లోపలి వైపు చీలిక పొడవునా ఐరన్‌తో వీ ఆకారంలో గాడి తియ్యి, మందంలో సగం వరకే. గాడి అడుగున రెండు అంచుల్నీ ఒకదాంట్లోకి ఒకటి కరిగించి, మీద స్టెయిన్‌లెస్ స్టీల్ మెష్ పట్టీ పెట్టి మునిగేదాకా ఐరన్‌తో నొక్కి, పైన పీపీ రాడ్ (అతకడానికి అమ్మే సన్నటి ప్లాస్టిక్ పుల్ల) కరిగించి కప్పెయ్యి. పీపీ 160 డిగ్రీల దగ్గర కరుగుతుంది, పొగ వస్తోందంటే మాడుతోందని, మాడిన ప్లాస్టిక్‌లో బలం ఉండదు. ఐరన్‌కి పాత బిట్ పెట్టుకో, ఇంక అది సోల్డరింగ్‌కి పనికిరాదు. కిటికీలు తెరిచే చెయ్యి.

పాతబండి_ప్రేమికుడు:
రాడ్ కొనక్కర్లేదు, కేబుల్ టైలు కరిగించి పోస్తే సరిపోతుంది, వీడియోల్లో అందరూ అదే చేస్తున్నారు కదా? ఇంకోటి, అక్షరాలు కనపడకపోతే చిన్న ముక్క కోసి నీళ్ళలో వేస్తే తేలితే పీపీ.

వేడిచెయ్యి:
అన్నా కేబుల్ టైలు నైలాన్‌వి, పీపీతో కలవవు. చూడ్డానికి ముద్దగా బాగానే కనిపిస్తుంది, చలికి ఒకసారి వేడికి ఒకసారి బంపర్ సాగి ముడుచుకునేసరికి పక్కకి లేస్తుంది. రాడ్ లేకపోతే అదే కోడ్ ఉన్న పాత బంపర్ ముక్క సన్నగా కోసుకోవచ్చు. నీళ్ళ పరీక్ష ఒట్టి పీపీకి సరే, కానీ టాల్క్ 20 శాతం ఉంటే పీపీ కూడా మునుగుతుంది, నేను అలాగే మోసపోయి ఏబీఎస్ రాడ్ వాడి మొత్తం మళ్ళీ గీకాల్సి వచ్చింది 😅

సెన్సార్_సుబ్బి:
అందరూ అతుకు గురించే చెప్తున్నారు, వెనక మూల అన్నారు కదా, కొన్ని కార్లకి బ్లైండ్ స్పాట్ రాడార్ సరిగ్గా ఆ మూలలో బంపర్ లోపలే ఉంటుంది. దాని ముందు స్టీల్ మెష్ పెట్టారంటే అద్దాల్లో వెలగాల్సిన హెచ్చరిక వెలగదు, లేదా ఊరికే వెలుగుతుంది. రాడార్ ఉంటే ఆ అతుకు మాత్రం ఇంట్లో వద్దు. పార్కింగ్ సెన్సార్ల వైర్లు ఉంటాయి, బంపర్ లాగేముందు కనెక్టర్ తీసెయ్యండి. ఎలాగూ ఊడదీస్తున్నారు కాబట్టి లోపలి ఫోమ్ నలిగిందా, ఇనుప బీమ్ వంగిందా చూడండి, దెబ్బని ఆపేది అవే, పైన ఉన్నది తొడుగు మాత్రమే.

చీలిక బోల్టు చెవుల్లోకి (బంపర్‌ని బాడీకి బిగించే చోట్లలోకి) పోయి ఉంటే మాత్రం నేను మార్చమనే అంటాను, బరువంతా అక్కడే వేలాడుతుంది.

రంగుల_రాట్నం:
రంగు సంగతి చెప్తా. పీపీని గీకితే నూగు లేస్తుంది, గట్టిగా రుద్దేకొద్దీ ఇంకా లేస్తుంది, కాబట్టి 80 నంబర్ ఎమరీతో మొదలుపెట్టినా చెయ్యి తేలిగ్గా ఆడించి 180, 320కి పోండి. రేకుకి వాడే మామూలు పుట్టీ వద్దు, వంగితే పగుల్తుంది, ప్లాస్టిక్ బంపర్లకి వంగే పుట్టీ వేరే ఉంటుంది. పుట్టీకి ముందొకసారి, ప్రైమర్‌కి ముందు ప్లాస్టిక్ ఎక్కడ బయటపడినా ఇంకోసారి అడ్హిషన్ ప్రమోటర్ (ప్లాస్టిక్‌కి పూత పట్టేలా చేసే స్ప్రే) కొట్టండి, అది మానేస్తే తర్వాత ప్రెషర్ వాషర్ తగిలినప్పుడు రంగు రేకులు రేకులుగా పోతుంది. రంగు మీద వేసే మెరుపు పూతల్లో హార్డెనర్ కలిసే టూకే క్లియర్‌లో ఊపిరితిత్తులకి చేటు చేసే ఐసోసయనేట్లు ఉంటాయి, గుడ్డ మాస్కు వాటిని ఆపదు, అది పెయింట్ బూత్ ఉన్నవాళ్ళకి వదిలెయ్యండి.

రివర్స్‌గేర్:
రెండు శని ఆదివారాలు పట్టింది. నాది టీ20నే, రాడార్ లేదు, సెన్సార్ చీలికకి దూరంగానే ఉంది. మొదటి ఆదివారం సగం పాత ఎపాక్సీ గీకడానికే సరిపోయింది, ఆ గ్లూలు వెయ్యకపోయి ఉంటే ఎంత బాగుండేదో. ఒకచోట ఐరన్ ఎక్కువ నొక్కి బయటికి పొడుచుకొచ్చింది, బయట నుంచి కొంచెం రాడ్ కరిగించి పూడ్చా. చీలిక నిజంగానే కనిపించినదానికంటే వేలెడు ముందుకి పోయి ఉంది, వంచి చూడమనకపోతే రంధ్రం తప్పు చోట వేసేవాణ్ణి. బోల్టు చెవులు బాగానే ఉన్నాయి. ఇప్పుడు మోకాలు పెట్టి నొక్కినా కదలట్లేదు.

ప్రైమర్ దాకా అయింది, బూడిద రంగు మచ్చతోనే తిరుగుతున్నా. తీసేటప్పుడు మూడు క్లిప్పులు విరిగాయి, ఇది ఎవరూ చెప్పలేదేంటి!

వేడిచెయ్యి:
మూడేనా 😂 నాకు ఏడు.