వరదలో మునిగిన బండి స్టార్ట్ అవట్లేదు, కిక్కు సగంలో బిగిసిపోతోంది

ప్రశ్న (పి.గన్నవరం దగ్గర లంక నుంచి):
అన్నయ్యలూ, బండి అరుగు మీద పెట్టాం, అక్కడిదాకా రాదులే అనుకుంటే తెల్లారేసరికి సీటు దాకా నీళ్లు. ఇప్పుడు ఏరు తీసింది, బండి కడిగి ఎండలో పెట్టాం. 2017 మోడల్, వంద సీసీ, కార్బురేటర్ బండి. తాళం తిప్పితే లైట్లు బాగానే వెలుగుతున్నాయి, సెల్ఫ్ నొక్కితే టక్‌మని ఆగిపోతోంది, కిక్కు రాడ్ సగం దిగి బిగిసిపోతోంది. తోసి సెకండ్ గేర్లో వేద్దాం అంటున్నారు నాన్న. కాజ్‌వే మీద ఇంకా నీళ్లున్నాయి, మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లే దారి లేదు. ఇంట్లో ప్లగ్ పానా, స్పానర్లు ఉన్నాయి. మేమే ఏమైనా చేసుకోవచ్చా?

జవాబు (రావులపాలెం, షెడ్డు మాది):
తమ్ముడూ, ముందు నాన్నగారిని ఆపు. సెల్ఫ్ కూడా ఇంక ముట్టుకోకు. లైట్లు డల్‌గా ఉండి సెల్ఫ్ ఆడకపోతే బ్యాటరీ అనుకోవచ్చు, కానీ లైట్లు బాగుండి కిక్కు కూడా బిగుస్తోందంటే సిలిండర్లో నీళ్లున్నట్టే. గాలిని పిస్టన్ నొక్కగలదు, నీళ్లని నొక్కలేదు, తోసి గేర్లో వేస్తే ఆ బలమంతా కనెక్టింగ్ రాడ్ మీద పడి అది వంగుతుంది. 2022 జులైలో ధవళేశ్వరం దగ్గర 25 లక్షల క్యూసెక్కులు దాటినప్పుడు లంకల నుంచి బళ్లు వరసకట్టి వచ్చాయి, ముట్టుకోకుండా తెచ్చినవి ఆయిల్ ఖర్చుతో పోయాయి, తోసి గేర్లో వేసి స్టార్ట్ చెయ్యబోయినవాటికి ఇంజన్ దింపాల్సి వచ్చింది.

తాళం చెవి తీసేయ్, బ్యాటరీ మైనస్ వైరు విప్పెయ్. ప్లగ్ చుట్టూ ఒండ్రు తుడిచాకే ప్లగ్గు విప్పు, లేకపోతే ఆ మట్టి లోపలికే పోతుంది. ఆయిల్ గేజీ తీసి చూడు, పాలు కలిపిన టీ రంగులో ఉంటే నీళ్లు కలిసిపోయినట్టు. కింద డ్రెయిన్ బోల్టు విప్పి మొత్తం దించెయ్, ముందు ఉత్త నీళ్లే వస్తే కంగారు పడకు, బరువు కదా, అడుగునే ఉంటాయి. ఇప్పుడు ప్లగ్గు లేకుండా కిక్కు రాడ్‌ని చేత్తో మెల్లగా దించు. కన్నంలోంచి నీళ్లు చిమ్ముతాయి, మొహం పక్కకి పెట్టుకో, దగ్గర్లో బీడీ, దీపం ఏదీ ఉండకూడదు. ప్లగ్గు తీశాక కూడా రాడ్ కదలకపోతే అది నీళ్లు కాదు, లోపల తుప్పో ఒండ్రో పట్టేసింది, అక్కడితో వదిలేసి దారి తెరిచాక షెడ్డుకి తీసుకురా.

మధ్యలో మాట (రాజోలు నుంచి):
డీజిల్ పోసి కాసేపు ఇంజన్ ఆన్ చేస్తే లోపలంతా శుభ్రమైపోతుంది, మా ఊళ్లో అందరూ అదే చేస్తారు.

రావులపాలెం:
అలా చెప్పకండి బాబాయ్. డీజిల్‌కి ఆ జిడ్డు ఉండదు, దాంతో ఇంజన్ ఆడిస్తే బేరింగులు, పిస్టన్ గీసుకుపోతాయి. చౌక ఆయిలైనా ఫోర్ స్ట్రోక్ బైక్‌దే పొయ్యాలి, ఈ బళ్లకి క్లచ్ ప్లేట్లు కూడా అదే ఆయిల్లో మునిగి ఉంటాయి. లీటరు లోపే పడుతుంది. అది పోసి, స్టార్ట్ అయ్యాక కాసేపు ఆడించి దించెయ్యడమే, మళ్లీ టీ రంగొస్తే ఇంకోసారి.

లంక నుంచి:
అన్నయ్యా, చాలా నీళ్లు వచ్చాయి, ఇప్పుడు రాడ్ ఫ్రీగా తిరుగుతోంది. ఆయిల్ మార్చాను. అయినా అంటుకోవట్లేదు.

రావులపాలెం:
మంచిది, ఇంజన్ బతికింది. ఇంక పెట్రోలు సంగతి. ట్యాంకులోది గాజు సీసాలోకి పట్టి కాసేపు ఉంచు, అడుగున వేరే పొర తేలితే నీళ్లు దిగినట్టు. ఇప్పుడు పెట్రోల్లో ఇథనాల్ కలుపుతున్నారు, అది నీళ్లని లాక్కుని అడుగుకి దిగిపోతుంది, అందుకని పైది బాగుంది కదా అని తిరిగి పొయ్యకు, మొత్తం పారబొయ్. పారబొయ్యడమంటే కాలవలోకి కాదు, డబ్బాలో పట్టి పక్కన పెట్టు, పాత ఆయిలూ అంతే. కార్బురేటర్ అడుగున చిన్న డ్రెయిన్ స్క్రూ ఉంటుంది, అదీ వదులు చేసి కార్చెయ్. ఎయిర్ ఫిల్టర్ కాగితానిదైతే ఎండబెట్టి వాడొద్దు, కొత్తదే. సైలెన్సర్లో కూడా నీళ్లుంటాయి, ముందు చక్రం కాస్త ఎత్తులో పెడితే కారిపోతాయి. బ్యాటరీ వైరు తగిలించి తాళం తిప్పు, ప్లగ్గు ఆరబెట్టి క్యాప్‌కి తగిలించి, ట్యాంకుకీ ప్లగ్గు కన్నానికీ దూరంగా ఇంజన్ లోహానికి ఆనించి కిక్కు కొట్టు, నీలం నిప్పు రావాలి. రాకపోతే వైర్ల సాకెట్లు ఊడదీసి ఆరబెట్టు, సగం రోగాలు అక్కడే.

ఇంకొకరు (అమలాపురం నుంచి):
మాది 2021 స్కూటర్, ఫ్యూయల్ ఇంజెక్షన్. అదీ మునిగింది. ఇవే చెయ్యొచ్చా?

రావులపాలెం:
బ్యాటరీ వైరు విప్పడం వరకూ చెయ్యండి, ఆపై వద్దండి. పెట్రోల్ పంపు ట్యాంకులోనే ఉంటుంది, కంప్యూటర్ యూనిట్ తడిగా ఉండగా తాళం తిప్పితే కాలిపోవచ్చు. బెల్టు డబ్బా కూడా విప్పి ఆరబెట్టాలి. కరెంటు స్కూటరైతే చార్జింగ్ అసలు పెట్టొద్దు, ఇంట్లోకీ తేవద్దు.

ఇంకో మాట (ముమ్మిడివరం నుంచి):
అన్నీ విప్పేముందు నీళ్ల గీత కనిపించేలా ఫోటోలు తీసుకుని ఇన్సూరెన్సు వాళ్లకి చెప్పండి. థర్డ్ పార్టీ ఒక్కటే ఉంటే వరద నష్టం రాదు, ఫుల్ ఇన్సూరెన్స్ ఉన్నా మునిగిన బండిని స్టార్ట్ చెయ్యబోయి ఇంజన్ పాడైతే మెలిక పెడతారు. అంతర్వేది, ఓడలరేవు వైపు ఉప్పునీళ్లు తగిలిన బండైతే మంచినీళ్లతో వెంటనే కడగాలి, ఉప్పు ఆగదు.

లంక నుంచి:
నిప్పు సాకెట్ దగ్గరే ఆగిపోయిందన్నయ్యా, ఆరబెట్టాక అంటుకుంది! తెల్లపొగ వస్తోంది, పర్లేదా?

రావులపాలెం:
సైలెన్సర్లో మిగిలిన తడి అది, కాసేపటికి పోవాలి. పోకపోతే ఆయిల్ రంగు మళ్లీ చూడు. ఏటిగట్టు మీదికి తీసేముందు రెండు బ్రేకు డ్రమ్ములూ విప్పి ఒండ్రు కడుగు, ఇప్పుడు బ్రేకు పడదు నీకు. ఈసారి ధవళేశ్వరంలో రెండో ప్రమాద హెచ్చరిక, అంటే 13.75 అడుగులు అనగానే బండి గట్టు దాటించెయ్, అరుగుని నమ్ముకోకు.