ఉద్వాసన: పూజలోదీ పేపర్లోదీ ఒకే మాటేనా?

ప్రశ్న
పూజ చివర ‘యథాస్థానముద్వాసయామి’ అంటారు. పేపర్లో ‘కాంట్రాక్టు ఉద్యోగులకు ఉద్వాసన’ అని వస్తుంది. రెండూ ఒకటేనా? ‘ఉద్వాసన పలికారు’ అంటాం కదా, ఆ పలకడం ఎక్కడిది? కొందరు ‘ఉద్వాహన’ అనీ రాస్తున్నారు. ఏది సరి?

జవాబు
ఒకటే మాట. ఉత్ + వాసన, జశ్త్వసంధి వల్ల తకారం దకారమైంది. ధాతువు ‘వస్’, అంటే నివసించు. నివాసం, ప్రవాసం, ఉపవాసం అన్నీ దాని సంతానమే. ఇక్కడ ఉన్నది దాని ప్రేరణార్థకం: ఉన్న చోటు నుంచి లేచిపోయేలా చేయడం. ముక్కుకు తగిలే వాసన వేరే ధాతువుది, దీంతో చుట్టరికం లేదు.

‘ఉద్వాహన’ మాత్రం రాయకండి. ఆవాహనకు జంట కాబట్టి అదే అచ్చులో ఉంటుందనుకోవడం వల్ల వచ్చే తప్పు అది. ఆవాహనలో ధాతువు ‘వహ్’, తీసుకురావడం. దానికే ‘ఉత్’ చేరిస్తే ఉద్వాహం, అంటే పెళ్లి! ఉద్యోగం ఊడిన మనిషికి పెళ్లి చేసినట్టవుతుంది.

జవాబు
పై జవాబుకు ఒక చేర్పు. దేవుణ్ని సాగనంపడమే దీని మొదటి అర్థం అనుకోనక్కర్లేదు. శ్రౌత (వేదోక్త) యజ్ఞాల్లో కాలిన పురోడాశాన్ని, అంటే హోమానికి చేసే పిండి రొట్టెను, నిప్పు మీద నుంచి తీయడాన్నీ ఉద్వాసనమనే అంటారు. సంస్కృతంలో వెళ్లగొట్టడం అనే అర్థమూ ఉంది. కాబట్టి పేపరు వాళ్లు మాటను చెడగొట్టారనడం అన్యాయం. ‘పలుకు’ మాత్రం పూజలో మంత్రం చెప్పి సాగనంపే పద్ధతి నుంచే వచ్చిందని నా అభిప్రాయం. స్వస్తి పలుకు, వీడ్కోలు పలుకు కూడా ఆ వరసవే.

జవాబు
రాసేవాళ్లు విభక్తి దగ్గర జాగ్రత్త పడాలి. ‘మంత్రికి ఉద్వాసన’ సరైనది, ‘మంత్రిని ఉద్వాసన చేశారు’ అంటే చెవికి గుచ్చుకుంటుంది. ‘ని’ కావాలంటే హాయిగా ‘తొలగించారు’ అనండి.

తనంతట తాను రాజీనామా చేస్తే అది ఉద్వాసన కాదు. సస్పెన్షనూ కాదు, మనిషి ఇంకా కొలువులోనే ఉన్నట్టు లెక్క. మనుషులు కాని వాటికి వేరే మాటలున్నాయి: చట్టానికైతే రద్దు, నిషేధానికైతే ఎత్తివేత, కోర్టులో పిటిషనుకైతే కొట్టివేత. మరకనైతే వదిలిస్తాం.