ఉగాది భోజనాల థ్రెడ్: ప్లాస్టిక్ స్పూన్ల బదులు జొన్న స్పూన్లు తేవాలా, తెస్తే ఎన్ని?

వంటల కమిటీ (ఈ నెలంతా హైదరాబాద్‌లో)

అందరికీ నమస్కారం. కిందటి మీటింగులో నా నెత్తిన పెట్టిన పని మొదలుపెట్టాను. తమ్ముడి పెళ్ళి పనుల మధ్య దొరికిన ఖాళీలో తినే స్పూన్ల సంగతి, అంటే భోజనం అయ్యాక కొరికి తినేయగలిగే జొన్న స్పూన్ల సంగతి, కనుక్కుంటున్నా.

కొత్తగా చేరిన వాలంటీర్ల కోసం విషయం చెప్తాను. అమెరికాలో మన ఎడిసన్‌లో (న్యూజెర్సీ) అసోసియేషన్ ఉగాదికి నాలుగు వందల మందికి భోజనం అనుకుంటున్నాం. న్యూజెర్సీలో థర్మకోల్ ప్లేట్లు 2022 మే 4 నుంచే బంద్, కాబట్టి ప్లేట్ల గొడవ ఎప్పుడో తీరింది. చెరకు పిప్పి ప్లేట్లకు అలవాటు పడిపోయాం. మిగిలింది ప్లాస్టిక్ స్పూన్లు. పోయిన దీపావళికి హాలు ఊడ్చినవాళ్ళని అడగండి. స్వీటుకొకటి, పెరుగన్నానికొకటి, ఎక్కడో పెట్టి మర్చిపోయి మళ్ళీ ఇంకొకటి.

ఈ తినే స్పూన్లకు పేరొచ్చింది మన హైదరాబాద్ నుంచే. పటాన్‌చెరులో మెట్ట పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్‌లో పరిశోధకుడిగా పనిచేసిన నారాయణ పీసపాటి 2010లో బేకీస్ అని కంపెనీ మొదలుపెట్టారు. జొన్న, బియ్యం, గోధుమ పిండ్లు కలిపి ముద్ద చేసి, అచ్చుల్లో నొక్కి, తేమ పోయి గట్టిపడేదాకా కాల్చడం, అంతే. 2016లో వీడియో ఊరంతా తిరిగింది. జనం దగ్గర ఆన్‌లైన్‌లో డబ్బు పోగుచేసే కిక్‌స్టార్టర్‌లో 20 వేల డాలర్లు అడిగితే 2 లక్షల 78 వేలు దాటి వచ్చాయి. ఆయన మొదటి బాధ ప్లాస్టిక్ కాదట, బోర్లు. వరి పెరిగేకొద్దీ భూగర్భ జలం అడుగంటుతోంది, జొన్నకి నీళ్ళు తక్కువ చాలు కానీ కొనేవాడు లేడు. స్పూను రూపంలోనైనా జొన్నకి గిరాకీ వస్తే రైతు మళ్ళీ వేస్తాడని ఆలోచన. ఇది నాకు ప్లాస్టిక్ మాటకన్నా బాగా నచ్చింది.

ఇప్పుడు ఇలాంటివి చాలామంది చేస్తున్నారు. కూకట్‌పల్లిలో ఒక ఆర్గానిక్ షాపులో దొరికితే రెండు ప్యాకెట్లు కొన్నాను. రాత్రికి ఇంట్లో పరీక్ష పెట్టి చెప్తా.

కోశాధికారి

ధర?

వంటల కమిటీ

ప్లాస్టిక్ దానికి కొన్ని రెట్లు. పూర్తిగా కనుక్కుని చెప్తాను అన్నా, అప్పుడే పర్సు మూసేయకండి.

డెకరేషన్ టీమ్

అక్కా, ఎలాగూ హైదరాబాద్‌లో ఉన్నారు కదా, వక్కచెట్టు పట్టలతో చేసే అరెకా ప్లేట్లు కూడా ఒక పెట్టె తెప్పిద్దామా? అరిటాకు లుక్ వస్తుంది, ఫొటోలు అదిరిపోతాయి.

కార్గో, కస్టమ్స్ చూసేవారు

వద్దమ్మా. 2025 మేలో ఎఫ్‌డీఏ (ఇక్కడ తిండి, మందుల మీద నిఘా పెట్టే ప్రభుత్వ సంస్థ) అరెకా ప్లేట్ల మీద గట్టిగానే చెప్పింది, తిండి పెట్టడానికి వాటికి అనుమతి లేదని. వక్కలో ఉండే ఆల్కలాయిడ్లు ప్లేటు నుంచి తిండిలోకి దిగుతాయన్నది వాళ్ళ అభ్యంతరం. ఇండియాలో ప్రతి ఫంక్షన్‌లో అవే కనిపిస్తాయి, నిజమే. మనం పెట్టేది ఇక్కడ, పిల్లలకి. చెరకు పిప్పి ప్లేట్లతోనే కానిద్దాం.

డెకరేషన్ టీమ్

అయ్యో, మా ఇంట్లో ఒక కట్ట ఉంది అంకుల్ 😐 సరే, గోడకి బొమ్మలేయడానికి వాడతాం.

వంటల కమిటీ

పరీక్ష అయింది. ఇంట్లో అందరూ జడ్జీలే.

ముందు ఒట్టి స్పూను సంగతి. లేత గోధుమ రంగు, కాస్త మందం, అంచు కొద్దిగా గరుకు. ప్లాస్టిక్ స్పూనులా పెదవి మీద జారదు. ఒక ప్యాకెట్‌లో కొన్ని మెడ దగ్గర విరిగి ఉన్నాయి. కొరికితే, రాత్రి చేసిన జొన్న రొట్టె తెల్లారి పెంకులా ఎండితే ఎలా ఉంటుందో అచ్చం అలా ఉంది. మా నాన్నకి నచ్చింది. పిల్లలకి ‘మసాలా వేస్తే బాగుండేది’.

పులిహోరకి బాగా పనికొచ్చింది. పెరుగన్నం కూడా పర్వాలేదు. సాంబారన్నం వేడివేడిగా పెట్టి తింటే, తిన్నంత సేపూ నిలబడింది. మా అత్త మాత్రం ఫోనొస్తే స్పూను సాంబారులో వదిలేసి వెళ్ళింది. వచ్చేసరికి మూతి మెత్తబడి, ఎత్తగానే వంగింది. మన ఫంక్షన్లలో సాంబారన్నం మధ్యలో కబుర్లు చెప్పకుండా తినేవాళ్ళు ఎంతమందో మీకే తెలుసు.

సేమ్యా పాయసం దగ్గర అందరూ స్పూను కూడా తినేశారు. తీపి పట్టి, కొంచెం నాని, బిస్కెట్లా అయింది. ఒక్కటి కూడా చెత్తలోకి పోలేదు.

మిగతా వంటకాల దగ్గర మాత్రం సగం స్పూన్లు ప్లేట్లోనే వదిలేశారు, కడుపు నిండిపోయిందని. అది చూసి అమ్మ అంది: ‘తిండి గింజలతో చేసినదాన్ని ఎంగిలి చేసి పారేస్తే ప్లాస్టిక్ పారేసినదానికన్నా పాపం కాదూ?’ నా దగ్గర జవాబు లేదు.

హాలు, శుభ్రత టీమ్

అమ్మగారి మాటకి ఒక ఓటు. హాల్లో చెత్త అంతా ఒకే డబ్బాలోకి పోతుంది, ఎరువు చేసే ఏర్పాటు లేదు. తినకుండా పారేస్తే మనం చేసిందల్లా ఖరీదైన చెత్త. ఇంకోటి, ఇవి స్పూన్లే అయినా తిండి కింద లెక్క. ప్లాస్టిక్ స్పూన్లలా డబ్బాలో గుత్తిగా పెట్టి ‘తీసుకోండి’ అంటే కుదరదు, నలుగురి చేతులూ పడతాయి. గ్లౌజులు వేసుకుని ఒకరు అందించాలి.

యూత్ వాలంటీర్

అక్కా ప్యాకింగ్ దేనిలో వస్తుంది?

వంటల కమిటీ

ప్లాస్టిక్‌లో 🙂 నవ్వకండి. తేమ తగిలితే మెత్తబడిపోతాయి, కాగితం కవరు ఆపలేదు. పెద్ద ప్యాకెట్ అయితే నయం. ఒక్కో స్పూనుకీ ఒక్కో కవరు వేసినవి కూడా ఉన్నాయి, అవి మాత్రం వద్దు.

సలహాదారు మాస్టారు

అందరికీ శుభోదయం. చిన్న మాట. మనం తినేది పప్పు, పులిహోర, బొబ్బట్టు. దీనికి స్పూను ఎందుకు? చేత్తో తినండి. చేతులు కడుక్కునే ఏర్పాటు బాగా చేయండి. ప్లాస్టిక్ సమస్యకి మన తాతలు ఎప్పుడో పరిష్కారం చెప్పారు.

యూత్ వాలంటీర్

మాస్టారూ, మా ఫ్రెండ్స్‌ని పిలిచాం, వాళ్ళకి చేత్తో తినడం రాదు. నాకే సరిగ్గా రాదు.

సలహాదారు మాస్టారు

నేర్పిస్తాను నాయనా. ఒక స్టాల్ పెట్టు.

హాలు, శుభ్రత టీమ్

మాస్టారు చెప్పింది వినడానికి తేలిగ్గా ఉంది గానీ, ఆ హాల్లో సింకులు రెండే. నాలుగు వందల మంది పెరుగన్నం చేతులతో వరసలో నిలబడితే ప్రోగ్రాం ఆగిపోతుంది. చేత్తో తినేవాళ్ళ కోసం పక్క వరండాలో కుళాయి డ్రమ్ములు రెండు, టబ్బు ఒకటి పెడదాం. అద్దె ఎంతో కనుక్కుంటా. మిగతావాళ్ళకి స్టీలు స్పూన్లు. గుడి వంటింట్లో చాలానే ఉన్నాయి, కడిగి తిరిగిస్తే ఇస్తారు. ఒకసారి మాట్లాడి చూడనా?

వంటల కమిటీ

చూడండి, దయచేసి! నేను కూడా అదే చెప్పబోతున్నా. పరీక్ష తర్వాత నా లెక్క మారింది. భోజనం మొత్తానికి జొన్న స్పూన్లు అంటే డబ్బు దండగ, గింజలు దండగ. జనం స్పూను తినేస్తారని నమ్మకం ఉన్న చోటే పెట్టాలి. అలాంటివి మనకి రెండు: పాయసం, ఉగాది పచ్చడి.

పచ్చడి సంగతి ఆలోచించండి. ప్రతి ఏడూ చిన్న ప్లాస్టిక్ కప్పు, చిన్న ప్లాస్టిక్ స్పూను, ఒక్కొక్కరు తినేది రెండు చెంచాలు. మన ప్లాస్టిక్‌లో ఎక్కువ భాగం అక్కడే. కప్పు తీసేద్దాం. జొన్న స్పూన్లోనే పచ్చడి వేసి చేతికిద్దాం. పచ్చడి, స్పూను కలిపి ఒకేసారి నోట్లోకి. చింతపండు పులుసు పల్చగా ఉంటే కారిపోతుంది కాబట్టి బెల్లం, మామిడి ముక్కలు ఎక్కువేసి చిక్కగా చేయాలి. ఇంట్లో అలాగే చేసి చూశాం. ఆరు రుచులకి కరకర తోడైంది.

డెకరేషన్ టీమ్

వావ్ అక్కా, దీనికి ఒక బోర్డు రాస్తా. ‘స్పూన్ పారేయొద్దు, తినేయండి’ అని. పిల్లలకి అర్థమయ్యేలా బొమ్మతో.

కోశాధికారి

ఇది బాగుంది. పచ్చడికి నాలుగు వందలు, పాయసానికి నాలుగు వందలు, విరిగేవాటికి ఇంకో వంద. తొమ్మిది వందలు. కప్పుల ఖర్చు మిగులుతుంది, దానిలో సర్దుతా. అంతకు మించితే కమిటీ ఓటు కావాలి.

కార్గో, కస్టమ్స్ చూసేవారు

కొనేముందు ఇది చదవండి, తర్వాత నన్ను తిట్టుకోవద్దు.

సొంతానికి తెచ్చుకునే తిండి సూట్‌కేసులో తెస్తే సమస్య లేదు, డిక్లేర్ చేస్తే చాలు. బిస్కెట్ లాంటి కాల్చిన సరుకు మామూలుగా వదిలేస్తారు. కరివేపాకు, బియ్యం లాంటివి మాత్రం తేవద్దు. కానీ నాలుగు వందల మందికి పంచడానికి తెచ్చేది సొంత వాడకం కిందికి రాదు. దానికి ఎఫ్‌డీఏకి ప్రయర్ నోటీస్, అంటే సరుకు వస్తోందని ముందే సమాచారం, ఇవ్వాలి. తయారుచేసిన ఫ్యాక్టరీ ఎఫ్‌డీఏలో రిజిస్టర్ అయి ఉండాలి, ఆ నంబరు నోటీసులో అడుగుతారు.

అంటే కూకట్‌పల్లి షాపులో పెట్టెలు కట్టించి సూట్‌కేసులో తోసేద్దాం అనుకుంటే కుదరదు. ఎగుమతి చేసే తయారీదారు ఎవరో చూసి, వాళ్ళ నుంచి నేరుగా ఇక్కడికి పంపించమనాలి. నోటీసు వాళ్ళో, కొరియర్‌వాళ్ళో వేస్తారు.

వంటల కమిటీ

అర్థమైంది బాబాయ్ గారూ. రేపే ఫోన్లు మొదలుపెడతా. ఇక్కడ ఉన్నప్పుడే వెళ్ళి సరుకు కళ్ళతో చూసి, విరిగినవి లేకుండా ప్యాక్ చేయించడం నా పని.

పిల్లల కార్యక్రమాలు

ఒక విషయం మర్చిపోతున్నారు. జొన్నలో గ్లూటెన్ (గోధుమలో ఉండే, కొందరికి పడని ప్రొటీన్) ఉండదని చాలామంది ‘జొన్న స్పూన్’ అనగానే ధైర్యంగా తినేస్తారు. ఇందులో గోధుమ పిండి కూడా ఉంది. మన డాన్స్ క్లాసులో గోధుమ పడని పాప ఉంది. ఇక్కడ లేబుల్ మీద రాయాల్సిన ప్రధాన అలర్జీలు తొమ్మిది, గోధుమ వాటిలో ఒకటి, నువ్వులు 2023 నుంచి చేరాయి. దయచేసి బోర్డు మీద ‘గోధుమ ఉంది’ అని పెద్దక్షరాల్లో రాయండి. ఆ పాప లాంటివాళ్ళకి పచ్చడి స్టీలు స్పూన్లో విడిగా.

వంటల కమిటీ

చాలా ముఖ్యమైన మాట. బోర్డులో ‘జొన్న స్పూన్’ అని కాకుండా ‘జొన్న, బియ్యం, గోధుమ’ అని పూర్తిగా రాద్దాం. తయారీదారు ఇచ్చే పదార్థాల జాబితా చూశాకే ఫైనల్ చేయండి, ఒక్కొక్కరి మిశ్రమం ఒక్కోలా ఉంటుంది. నువ్వులు వేసిన రకం కూడా చూశా షాపులో, అది తీసుకోను.

నిన్న సాయంత్రం నిజాంపేట రోడ్డు మీద జొన్న రొట్టెలు చేసే ఆవిడ దగ్గర ఆగాం. అరచేతుల మధ్య ముద్దని తడుతూ గుండ్రంగా చేసి పెనం మీద వేస్తోంది, పైన తడి చెయ్యి రాస్తోంది. స్పూను చూపించి ‘ఇది కూడా జొన్నే’ అన్నా. తిప్పి చూసి, అంచు కొరికి, ‘ఇంత కష్టపడి గట్టిగ చేసుడెందుకు, మెత్తగ చేస్తే కూరతోని తినొచ్చు గద’ అంది. మాస్టారు పార్టీ.

సలహాదారు మాస్టారు

ఆవిడని ఉగాదికి ముఖ్య అతిథిగా పిలవండి.

హాలు, శుభ్రత టీమ్

గుడివాళ్ళు ఒప్పుకున్నారు. స్టీలు స్పూన్లు మూడు వందల యాభై ఇస్తారు, చేత్తో తినేవాళ్ళు ఎలాగూ ఉంటారు కాబట్టి చాలు. షరతు: అదే రాత్రి కడిగి, తుడిచి, లెక్క చూసి ఇవ్వాలి. కడగడానికి ఆరుగురు కావాలి. భోజనాల తర్వాత మాయమయ్యే పేర్లు నాకు తెలుసు, ముందే చెప్తున్నా.

యూత్ వాలంటీర్

మేం ముగ్గురం రెడీ. సర్వీస్ అవర్స్ సర్టిఫికెట్ ఇస్తారా?

హాలు, శుభ్రత టీమ్

ఇస్తాం. తుడిచిన స్పూన్లు చూశాకే సంతకం.

వంటల కమిటీ

అయితే ఇలా ఖాయం చేస్తున్నా, అభ్యంతరం ఉంటే శుక్రవారం లోపు చెప్పండి. భోజనానికి స్టీలు లేదా చెయ్యి. పచ్చడికి, పాయసానికి తినే స్పూన్లు తొమ్మిది వందలు. పాయసం గరిటె జారుగా కాకుండా కాస్త చిక్కగా, గోరువెచ్చగా వడ్డించాలి. మరీ వేడిగా పోస్తే స్పూను తొందరగా మెత్తబడుతుంది. పచ్చడి ముందే స్పూన్లలో నింపి వరసగా పెట్టొద్దు, మనిషి ఎదురుగా వచ్చాకే వేయండి. దీనికి వడ్డనలో ఇద్దరు ఎక్కువ కావాలి.

సరుకు వారం ముందు చేరాలని అడుగుతా. చేరగానే కోశాధికారి గారింట్లో పెట్టండి, బేస్‌మెంట్‌లో వద్దు, అక్కడ చెమ్మ.

కోశాధికారి

మా ఇంట్లో పెడితే మా పిల్లలు తినేస్తారు. హాలు టీమ్ వాళ్ళింట్లో పెట్టండి. బిల్లు మాత్రం అసోసియేషన్ పేరు మీదే తీసుకోండి, కిందటిసారి పూల బిల్లు సొంత పేరు మీద వచ్చి ఆడిటర్ దగ్గర ఇబ్బందైంది.

వంటల కమిటీ

సరే అన్నా. వడ్డనకి ఇద్దరు ఎవరు?